ఏ పేరు రాయమంటావు?

తొలకరి పడి గంటయింది. చినుకు పడగానే కరెంటు పోయింది. ఛార్జింగ్ లైటు చుట్టూ ఉసిళ్లు ముసురుతున్నాయి. వాటి రెక్కలు రాలి నీ ముందున్న దరఖాస్తు మీద పడుతున్నాయి. ఊదుతావు. మళ్లీ పడతాయి. పెన్ను మూత తీసి పావుగంటయింది. మొదటి గడి ఇంకా ఖాళీ.

ఆమదాలవలసకు దగ్గర్లో, నాగావళికి ఇవతల ఉన్న ఊరు మీది. వసారాలో అమ్మ లాంతరు దగ్గర కూర్చుని బియ్యంలో మెరికలు ఏరుతోంది. అరుగు మీద నాన్న. ఊళ్లోని చిన్న బాప్తిస్టు సంఘానికి ఆయన కాపరి. ఊరంతా అయ్యగారూ అని పిలుస్తుంది. అమ్మకు మాత్రం ఆయన "ఇదిగో".

"ఆ కాయితం ఎవులికిరా?" అంటుంది అమ్మ.

"రిజిస్ట్రారుకి."

చేట ఆగింది. "రిజిస్ట్రారుకా? ఏటి, మీ నాన్న గాని చెరువు కింద మడిచెక్క అమ్మీసినాడేటి?"

అరుగు మీంచి నవ్వు వినిపించింది. "భూముల రిజిస్ట్రారు కాదే. ఈయన చదువుల రిజిస్ట్రారు. బెంగాల్లో ఉంటాడు."

"బెంగాలోడికి మన గుంటడి పేరుతో ఏటి పని?"

"ఆయనకి పేరుతోనే పని. మరి దేంతోనూ లేదు."

నాన్న తమాషాకే అన్నాడు. నీ పెన్ను మాత్రం సరిగ్గా ఆ మాట దగ్గరే ఆగి ఉంది. ఎందుకంటే నీకు పేర్లు రెండు.

బళ్లో నువ్వు సింహాచలం. నువ్వు పుట్టినప్పుడు నాయనమ్మ సింహాచలం అప్పన్నకు మొక్కుకుంది. ఈ జిల్లాల్లో వీధికొక సింహాచలం ఉంటాడు, ఇంకో వీధిలో ఆడ సింహాచలం కూడా ఉంటుంది. బడిలో చేర్చిన రోజు మాస్టారు అడిగారు, నాయనమ్మ చెప్పింది, ఆయన రాసుకున్నారు. తర్వాత కొన్నేళ్లకు నాన్న ఏటిలో బాప్తిస్మం తీసుకున్నాడు. నీ పదహారో ఏట నువ్వూ అవే నీళ్లలో మునిగావు. లేచేసరికి సంఘం పుస్తకంలో జీవరత్నం అయ్యావు. ఎచ్చెర్లలోని అంబేద్కర్ విశ్వవిద్యాలయం ఇచ్చిన బీఎస్సీ పట్టాలో మళ్లీ సింహాచలమే. ఆదివారం ఒకడు, మిగతా ఆరు రోజులు ఒకడు. ఇన్నాళ్లూ ఇద్దరూ ఒకరి దారికి ఒకరు అడ్డు రాలేదు. ఈ గడిలో మాత్రం ఇద్దరికీ చోటు లేదు.

ఇప్పుడు నువ్వు వెళ్లేది హైదరాబాదు. లోయర్ ట్యాంక్‌బండ్ పక్కన గాంధీనగర్‌లో ఉన్న ఆంధ్ర క్రైస్తవ వేదాంత కళాశాలలో బి.డి. చదవడానికి. 1964లో రాజమండ్రిలో పుట్టి, 1970లలో హైదరాబాదు చేరిన కాలేజీ అది. లూథరన్లు, బాప్తిస్టులు, మెథడిస్టులు, సీఎస్ఐ వాళ్లు కలిసి నడుపుతున్నారు. మీ బాప్తిస్టు సంఘాల సమాఖ్య, అంటే అందరూ సీబీసీఎన్‌సీ అనేది, అందులో భాగస్వామే. పాఠం హైదరాబాదులో, పట్టా మాత్రం హుగ్లీ ఒడ్డున శ్రీరాంపూర్ నుంచి వస్తుంది. దాన్నే మనవాళ్లు సెరంపూర్ అంటారు. ఈ దరఖాస్తు అక్కడి సెనేట్ రిజిస్ట్రారు దగ్గర నువ్వు ఒక వరుస సంఖ్యగా మారడానికి తొలి మెట్టు.

"నాన్నా, ఇందులో ఏ పేరు రాయను?"

అరుగు మీంచి జవాబు వెంటనే రాదు. ఉసిళ్ల రెక్కలు ఇంకో నాలుగు రాలతాయి.

"రేపు టౌనుకెళ్లి ప్లీడరు గారిని అడుగుదాం," అంటాడు చివరికి.

*

శ్రీకాకుళం, ఏడురోడ్ల కూడలి. పొద్దున్న పదిన్నర. రాత్రి వాన ఆనవాలు రోడ్డు గుంతల్లో తప్ప మరెక్కడా లేదు. జిరాక్సు షాపు ముందు వరుస: అడంగల్ కాపీలు, ఆధార్లు, రేషన్ కార్డులు. ఇక్కడ నిలబడ్డ ప్రతివాడి చేతిలోనూ తన పేరున్న కాగితమే. సగం మంది ఆ పేరులో ఒక అక్షరం సరిచేయించుకోవడానికే వచ్చారు.

నాన్న అడంగల్ కాగితాలు చూసి తల ఊపుతాడు. "మా చిన్నప్పుడు ఇదంతా కరణం గారి మంచం కింద పెట్టెలో ఉండేది."

ఆయన తరానికి ఆ పెట్టె భయం తెలుసు. మునసబు గారిది అధికారం, కరణం గారిది కవిలె. మునసబు కోప్పడితే సాయంత్రానికి చల్లారేవాడు. కరణం కలం మాత్రం ఒక గీత అటూ ఇటూ అయితే మూడు తరాలు కోర్టు మెట్లు ఎక్కేవి. 1984లో ప్రభుత్వం ఆ పదవుల్ని రద్దు చేసింది. పెట్టె పోయింది గానీ రాసిపెట్టేవాడి అవసరం పోలేదు. విశ్వవిద్యాలయంలో రిజిస్ట్రారు కూర్చునేది ఆ కరణం చాప మీదే. ఎవరు చేరారు, ఎవరు రాశారు, ఎవరు గట్టెక్కారు, ఎవరికి ఏ పట్టా ఇవ్వాలని సెనేట్ తీర్మానించింది, అన్నీ ఆయన కవిలెలో. ముద్ర ఆయన దగ్గరే. వందేళ్ల తర్వాత ఎవరో వచ్చి "ఈ మనిషి ఇక్కడ చదివాడా?" అని అడిగితే చెప్పాల్సింది ఆ కుర్చీలో ఉన్నవాడే.

ప్లీడరు గారు నీ కాగితాలు రెండు వరుసలుగా పేర్చి చూశారు. ఒక వరుస సింహాచలానిది, ఒక వరుస జీవరత్నానిది.

"ఎంత పనోయ్! అఫిడవిట్టు, పేపరు ప్రకటన, గెజిట్. జీవరత్నం అయిపోతావు." ఆగి, గొంతు తగ్గించారు. "చూసుకో మరి. పేరు మారిస్తే ఎస్సీ సర్టిఫికెట్ సంగతి ఆలోచించుకున్నారా?"

నీ చూపు నాన్న మీదికి పోయింది. నాన్న తన సంచిలోంచి ఇంకో కాగితం తీసి బల్ల మీద పెట్టాడు. బీసీ-సి.

"అది ఎప్పుడో పోయింది సార్. బాప్తిస్మమైన ఏడాదే నేనే వెళ్లి మార్పించుకున్నాను."

1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం షెడ్యూల్డు కులం హోదా మొదట హిందువులకే. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు విస్తరించారు. క్రైస్తవుడైన దళితుడు ఆ జాబితా బయటే ఉండిపోయాడు. మన రాష్ట్రంలో అతనికి మిగిలింది బీసీల్లోని సి గ్రూపు. అక్కడ రిజర్వేషన్ పదిహేను శాతం, ఇక్కడ ఒక్క శాతం. అందుకే ఎన్నో ఇళ్లలో బడి పేరు, గుడి పేరు వేర్వేరుగా ఉండిపోయాయి. రెండు పేర్ల మనిషి కనిపించగానే కచేరీల్లో కళ్లు చికిలించి చూస్తారు. ఆ చూపు మీ నాన్నకు కొత్త కాదు. ఆ చూపు పడకూడదనే కాగితం దగ్గర పెట్టుకు తిరుగుతాడు.

ప్లీడరు గారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. "అయితే ఇబ్బందే లేదు. ఏ పేరు కావాలో మీరే చెప్పండి."

ఇబ్బంది అక్కడే. చెప్పాల్సింది నువ్వు.

మెట్లు దిగుతూ నాన్న అన్నాడు: "ఇజీనారం వెళ్లి పెద్దయ్యగారిని అడిగి రా. ఆయన సెరంపూర్ పట్టా పుచ్చుకున్న మనిషి."

*

స్టేషన్ బోర్డు మీద "శ్రీకాకుళం రోడ్" అని ఉంటుంది. దిగే జనం, ఎక్కే జనం ఆమదాలవలస అంటారు. టికెట్టుకు ఒక పేరు, నోటికి ఒక పేరు. చిన్నప్పటి నుంచి చూస్తున్న బోర్డే, ఈ రోజే దాని రెండు పేర్లూ లెక్కకొచ్చాయి. ఇంగ్లీషు దొరల కాలంలో శ్రీకాకుళం వాళ్ల కాగితాల్లో చికాకోల్. ఊరు ఆ పేరునీ మోసి, తర్వాత దింపేసుకుంది.

విశాఖ వైపు వెళ్లే ప్యాసింజరు. కిటికీలోంచి నాగావళి దాటింది. వానకు ఇంకా నిండలేదు, ఇసుక మేటల మధ్య పాయలుగా ఉంది. పొందూరులో సన్నఖద్దరు పంచెల మూటతో ఒక పెద్దాయన ఎక్కాడు. సిగడాం, చీపురుపల్లి, గరివిడి. నెల్లిమర్ల దగ్గర జూట్ మిల్లు. విజయనగరంలో దిగి, గంటస్తంభం మీదుగా ఆటోలో కంటోన్మెంటు చేరేసరికి మధ్యాహ్నం రెండు.

పెద్దయ్యగారు రిటైరయ్యారు. పెంకుటిల్లు. గోడకు ఒకటే పటం: పట్టా. అద్దం లోపల చెదలు ఒక మూల కొరికాయి. పేరు, సంతకాలు మాత్రం చెక్కుచెదరలేదు.

"కూర్చో. భోజనం చేశావా? అమ్మా, అబ్బాయికి కాస్త మజ్జిగ." నువ్వు గొడవంతా చెప్పావు. ఆయన మధ్యలో ఒక్కసారీ అడ్డు రాలేదు. విన్నాక పటం వైపు వేలు చూపించారు.

"ఆ సంతకం పెట్టిన మనిషిని నేను చదివినన్నాళ్లూ చూడలేదు. 1990లలో మాకు రిజిస్ట్రారంటే డి.ఎస్. సత్యరంజన్ గారు. తర్వాత రవి తివారీ గారు. నోటీసు బోర్డులో పేరు, ఉత్తరం కింద సంతకం, అంతే. అయినా నా గురించి మా ప్రిన్సిపాలు గారికి తెలియనిది ఒకటి ఆయనకు తెలుసు."

"ఏమిటండీ?"

"నేనెవరో. కళ్లు మూసుకో."

మూసుకున్నావు.

హాలు. పైన ఫ్యాను కిర్రుమంటోంది. హుస్సేన్‌సాగర్ వైపు నుంచి ఉక్క గాలి. ప్రశ్నపత్రం కవరు సీలు నీ ఎదుటే చించారు. అది ఎవరు కూర్చారో నీకు పాఠం చెప్పిన గురువుకే తెలియదు. జవాబు కాగితం మీద పేరు రాయబోయి నాలుక కరుచుకున్నావు. పేరు రాయకూడదు, నెంబరు వేయాలి. మూడు గంటల పాటు నీకు ఊరు లేదు, ఇంటిపేరు లేదు, కులం లేదు, సంఘం లేదు. గంట కొట్టారు. నీ కాగితం కట్టలో చేరింది. అది దిద్దే పంతులు ఐజాల్‌లో ఉన్నాడో, మదురైలోనో, కొట్టాయంలోనో. దేశంలోనూ బంగ్లాదేశ్, నేపాల్, శ్రీలంకల్లోనూ కలిపి యాభైకి పైగా కాలేజీలు ఈ సెనేట్ కింద ఉన్నాయి. దిద్దేవాడికి నువ్వు ఒక నెంబరువి, దస్తూరీవి. మార్కులు శ్రీరాంపూర్ చేరాక ఒక గదిలో ఒక పుస్తకం తెరుచుకుంటుంది. ఎడమ పక్క నెంబరు, కుడి పక్క పేరు. అక్కడ నువ్వు మళ్లీ మనిషివవుతావు.

"కళ్లు తెరు," అన్నారు పెద్దయ్యగారు. "రిజిస్ట్రారు ఉద్యోగమంటే ఆ రెండు గడుల మధ్య గీత. నెంబరు ఎవరిదో బయటికి పొక్కకుండా కాపాడాలి. సమయం వచ్చినప్పుడు తప్పకుండా అదే పేరుకి చేర్చాలి. మార్కులు ఆయన వేయడు. పాఠం ఆయన చెప్పడు. అక్కడ వైస్ ఛాన్సలర్ కుర్చీ కూడా లేదు. కౌన్సిల్ పెద్దను మాస్టర్ అంటారు, సెనేట్‌కి ప్రెసిడెంట్ ఉంటారు. వాళ్లు కలిసినప్పుడు తీర్మానిస్తారు. మిగతా రోజులన్నీ బండి లాగేది ఈయనే. పక్కనే అదే ఆవరణలో బీఏ, బీఎస్సీ చదివే పిల్లలు కలకత్తా యూనివర్సిటీ కిందకి వస్తారు, వాళ్ల లెక్క వేరు. మన వేదాంతం లెక్క మాత్రం సెనేట్ రిజిస్ట్రారుదే."

మజ్జిగ వచ్చింది. ఉప్పు, అల్లం, కరివేపాకు. ఆయన గ్లాసు పక్కన పెట్టుకుని, ఎదురింటి గోడ మీది ఎండ చూస్తూ అడిగారు.

"ఆ పట్టా ఇచ్చే హక్కు వాళ్లకి ఎవరిచ్చారో తెలుసా? మన ప్రభుత్వం కాదు, బ్రిటిషు రాణి కాదు. డెన్మార్క్ రాజు."

అప్పుడు శ్రీరాంపూర్ డేనులది. ఈస్టిండియా కంపెనీ తన నేల మీద మిషనరీల పనికి అడ్డుపడుతుంటే విలియం కేరీ, జాషువా మార్ష్‌మన్, విలియం వార్డ్ ఆ డేనుల ఊళ్లో తలదాచుకున్నారు. 1818లో అక్కడే కాలేజీ పెట్టారు. మార్ష్‌మన్ కోపెన్‌హేగన్ దాకా వెళ్లి రాజు దర్శనం చేసుకున్నాడు. 1827 ఫిబ్రవరి 23న ఆరో ఫ్రెడెరిక్ సన్నదు మీద సంతకం పెట్టాడు. కోపెన్‌హేగన్, కీల్ విశ్వవిద్యాలయాలకు పట్టాలిచ్చే హక్కు ఎలా ఉందో ఈ కాలేజీకీ అలాగే ఉంటుందన్నాడు. కలకత్తా, బొంబాయి, మద్రాసు విశ్వవిద్యాలయాలు పుట్టింది 1857లో, అంటే ఇంకా ముప్పయ్యేళ్లకు. ఇదే విజయనగరంలో మహారాజా వారి బడి తెరిచింది కూడా ఆ 1857లోనే. అది 1879లో కాలేజీ అయింది.

"కీల్ అన్నాను చూడు," పెద్దయ్యగారి కళ్లు మెరిశాయి. "అది హోల్‌స్టైన్‌లో ఊరు. అప్పట్లో డెన్మార్క్ రాజు ఏలుబడి. తర్వాత జర్మనీది అయింది. ఆ శ్లెస్విగ్-హోల్‌స్టైన్ నేల మీది బ్రెక్లుం అనే ఊరి నుంచి మిషన్ వాళ్లు 1880లలో ఎక్కడికొచ్చారనుకున్నావు? మన సాలూరుకి. కొండ కింద బంగళా కట్టుకున్నారు. ఇప్పటి జయపురం లూథరన్ సంఘం వాళ్లు వేసిన మొక్కే. సన్నదులో పేరున్న ఆ దేశపు మనుషులు అరవై ఏళ్లు తిరక్కుండా మన ఏజెన్సీ గుమ్మంలోకి వచ్చారు!"

1845లో డేనులు ఊరినీ, తరంగంబాడినీ కలిపి పన్నెండున్నర లక్షల రూపాయలకు కంపెనీకి అమ్మేశారు. అమ్మకం కాగితంలో కాలేజీ హక్కులు చెక్కుచెదరవని రాయించుకున్నారు. ఆ హక్కును వేదాంత పట్టాలకు వాడటానికి 1915 దాకా పట్టింది. ఆ ఏడు ముగ్గురు మొదటి బి.డి.లు అందుకున్నారు. సన్నదు రాసిన ఎనభై ఎనిమిదేళ్లకు. 1918లో బెంగాల్ శాసనమండలి చట్టం చేసి సెనేట్‌కు ఒక రూపు ఇచ్చింది.

"ఎనభై ఎనిమిదేళ్లు ఒక కాగితం పెట్టెలో ఎదురుచూసింది," అన్నారాయన. "ఎవరో ఒకరు జాగ్రత్త పెట్టారు కాబట్టి దొరికింది. అందరూ సన్నదు రాయించినవాడిని తలుచుకుంటారు. దాచిపెట్టినవాడి పేరు ఎవరికీ తెలీదు."

నీకు గోడ మీది చెదలు గుర్తొచ్చాయి. అడిగావు: "కాలిపోతేనో అండీ?"

"కాలింది కూడా. అదీ చూద్దాం రా."

1812 మార్చి 11, పొద్దుగూకే వేళ. శ్రీరాంపూర్ నదిగట్టున కేరీ వాళ్ల అచ్చు కార్యాలయం. పొడవాటి షెడ్డు, లోపల కాగితం గుట్టలు. పొగ. వార్డ్ పరిగెత్తుకొచ్చి కిటికీలన్నీ మూయిస్తున్నాడు, గాలి ఆడకపోతే ఆరుతుందని. ఎవరో తొందరపాటున ఒకటి తెరిచారు. గుప్పున అంటుకుంది. నువ్వు గట్టు మీద జనంలో నిలబడ్డావు. లోపల కరిగి కారుతున్న సీసంలో నీ భాష ఉంది. విశాఖపట్నంలో 1805లో దిగిన లండన్ మిషన్ మనిషి అగస్టస్ డెగ్రాంజెస్, అతనితో కూర్చుని రాసిన ఆనందరాయరు, ఇద్దరూ కలిసి చేసిన తెలుగు సువార్తలు అచ్చయింది ఈ శ్రీరాంపూర్‌లో, ఈ ఏటే. డెగ్రాంజెస్ అచ్చు చూడకుండా రెండేళ్ల కిందటే పోయాడు. కేరీ రాసుకున్న తెలుగు వ్యాకరణం రాతప్రతి ఆ మంటలోనే బూడిదైంది. తెల్లారి బూడిద కెలికితే అక్షరాల పోత అచ్చులు దొరికాయి. కొన్ని వారాల్లోనే సీసం మళ్లీ పోశారు. వ్యాకరణం కేరీ మొదటి నుంచి తిరిగి రాశాడు. 1814లో అచ్చయింది.

"రికార్డు కాలిపోతే మళ్లీ రాయాలి. అదే ఆ ఊరు నేర్పిన పాఠం." పెద్దయ్యగారు మజ్జిగ గ్లాసు చివరి గుక్క తాగారు. "ఇంతకీ ఆనందరాయరు అన్నాను. బాప్తిస్మం తీసుకున్నాక ఆయన పేరేమిటి?"

"ఏమోనండీ."

"ఆనందరాయరే. శ్రీరాంపూర్‌లో కేరీ బాప్తిస్మమిచ్చిన మొదటి బెంగాలీ ఒక వడ్రంగి, 1800 డిసెంబరులో. ఆయన పేరు?"

నువ్వు తల అడ్డంగా ఊపావు.

"కృష్ణపాల్. మునిగినప్పుడూ కృష్ణుడే, లేచినప్పుడూ కృష్ణుడే. అపొస్తలులు గ్రీకు వాళ్ల పేర్లు మార్చలేదు కదా, మనమెందుకు మార్చాలి అనుకున్నారు వాళ్లు. మన పురుషోత్తమ చౌదరి గారి సంగతి? పర్లాకిమిడి వైపు పుట్టి, 1833లో కటక్‌లో బాప్తిస్మం పుచ్చుకున్నారు. ఆయన కీర్తనలు పాడని తెలుగు సంఘం లేదు. పురుషోత్తముడంటే ఎవరు? విష్ణువు. పాట పాడేటప్పుడు ఎవరికైనా అడ్డొచ్చిందా?" ఆయన నవ్వారు. "అంతెందుకు, ఆ ఊరి పేరే తీసుకో. డేనులు వాళ్ల రాజు పేరు పెట్టి ఫ్రెడెరిక్స్‌నగర్ అన్నారు. తొంభయ్యేళ్లు కాగితాల్లో అదే. జనం మాత్రం శ్రీరాంపూర్ అన్నారు. రాజు పేరు పోయింది, రాముడి పేరు నిలిచింది. అందులోంచే క్రైస్తవ వేదాంత పట్టా వస్తోంది."

"అయితే సింహాచలం అని రాయమంటారా?"

ఆయన ముఖంలో నవ్వు తగ్గింది.

"నేను చెప్పను. జీవరత్నం కూడా నీ పేరే. ఆ పేరుకోసం ఊళ్లో మాటలు పడ్డవాళ్లున్నారు. తీసేసి పక్కన పెట్టాల్సిన పేరు కాదు. రిజిస్ట్రారు కూడా చెప్పడు. నువ్వు రాసింది నీ వెనక సర్టిఫికెట్లతో సరిపోయిందా లేదా చూసి, అక్షరం పొల్లుపోకుండా ఎక్కించి, నువ్వు పోయాక కూడా ఉండేలా చూస్తాడు. ఆయన పుస్తకానికి ఒక్క పేరే కావాలి." లేచి, నిన్ను గేటు దాకా సాగనంపారు. "ఒక్కటి అడుగుతాను. అర్ధరాత్రి గాఢ నిద్రలో ఎవరైనా పిలిస్తే, ఏ పేరుకి లేస్తావు?"

*

రాత్రి తిరుగు బండిలో నెల్లిమర్ల దాటేదాకా అదే ఆలోచన. ఆమదాలవలసలో దిగి, ఆఖరి ఆటో పట్టుకుని ఇల్లు చేరేసరికి తొమ్మిదిన్నర. పెట్టె సర్దేసి ఉంది. రేపు తెల్లవారుజామునే ప్రయాణం. నాన్న మంచం మీద సంఘం పుస్తకాలు ముందేసుకుని ఉన్నాడు. ఎర్ర అట్ట బాప్తిస్మాలది, నల్ల అట్ట పెళ్లిళ్లది.

నల్ల పుస్తకం ఆయనకు ప్రాణం. 1872 నాటి భారత క్రైస్తవ వివాహ చట్టం కింద ప్రభుత్వం ఇచ్చిన లైసెన్సుతో పెళ్లిళ్లు చేస్తాడు. ప్రతి పెళ్లికీ వధూవరులు, సాక్షులు, తను, అందరి సంతకాలూ ఆ పుస్తకంలో పడాలి. అందులో కొట్టివేత కనబడితే ఆయనకు నిద్రపట్టదు. ఒకసారి ఒక పెళ్లికూతురి తండ్రి పేరు తప్పు పడితే నువ్వే వైట్‌నర్ తెచ్చావు. ఆ రోజు తిట్టిన తిట్లు ఇంకా గుర్తు.

"డెబ్బై ఎనిమిదో సెక్షన్‌రా! మొదట రాసింది చెరపకూడదు. అంచున సరైన మాట రాయాలి, తేదీ వెయ్యాలి, సంతకం పెట్టాలి, పెళ్లయినవాళ్లు ఎదుట ఉండాలి, లేకపోతే ఇద్దరు సాక్షులుండాలి. తప్పు కూడా మనం రాసిందే. అదీ కనిపించాలి."

ఇన్నేళ్లూ నాన్నను అయ్యగారిగానే చూశావు. ఈ రాత్రి కళ్లద్దాలు ముక్కు మీదికి జార్చుకుని పుస్తకం తిప్పుతుంటే, ఆయనా ఒక రిజిస్ట్రారే అని తోచింది. మూడు వీధులకు, నూటికి లోపు మనుషులకు.

"ఏటన్నారు పెద్దయ్యగారు?"

"ఏటీ చెప్పలేదు నాన్నా."

"చెప్పరు," అని పుస్తకం మూసేశాడు. "పడుకో. నాలుగింటికి లేవాల."

దరఖాస్తు తలగడ కింద పెట్టుకున్నావు. గడి ఖాళీగానే ఉంది. బయట మళ్లీ చినుకు మొదలైంది. పెంకుల మీద చప్పుడు వింటూ వింటూ నిద్రలోకి జారావు.

నువ్వు హాల్లో ఉన్నావు. ఫ్యాను కిర్రుమంటోంది. ఎవరో పుస్తకం తెరిచి ఎడమ గడిలో వేలు పెట్టి, కుడి గడి ఖాళీగా ఉందని నీ వైపు చూస్తున్నారు. నీ నోట మాట రాదు.

"ఒరే సింహాచలం! సింహాచలం! లెగరా, బండి ఎలిపోద్ది!"

లేచి కూర్చున్నావు. ఎదురుగా లాంతరు పట్టుకుని అమ్మ. నాలుగయింది. అమ్మ నిన్ను జీవరత్నమని ఎప్పుడైనా పిలిచిందా అని వెతుక్కున్నావు. ఆదివారం ప్రార్థనలో కూడా పిలవలేదు. సంఘంలో అందరూ నవ్వినా "సింహాచలం, చాపలు పరిచీరా" అనే అంది. నీ బాప్తిస్మం రోజు గట్టు మీద తువ్వాలు పట్టుకుని నిలబడింది కూడా ఆవిడే.

లాంతరు దగ్గరికి జరిగి, తలగడ కింది కాగితం తీసి, మొదటి గడిలో రాశావు. పెద్ద అక్షరాలతో, ఒక్కో గళ్లో ఒక్కో అక్షరం. ఇంటిపేరు, తర్వాత సింహాచలం. చెయ్యి వణకలేదు.

నాన్న వెనక నుంచి చూశాడు. ఏమీ అనలేదు. వెళ్లి ఎర్ర అట్ట పుస్తకం తెచ్చి, నీ పదహారో ఏటి పేజీ తీశాడు. జీవరత్నం. తన దస్తూరీయే. దాన్ని ముట్టుకోలేదు. పక్కన అంచున సన్నగా రాశాడు: "బడిలోను, ఇంట్లోను సింహాచలం." తేదీ వేశాడు. కింద సంతకం పెట్టాడు.

"బాప్తిస్మం పుస్తకానికి ఆ చట్టం లేదు కదా నాన్నా."

"చట్టం లేపోతే పద్ధతి లేదేటి?" పుస్తకం నీ వైపు తిప్పాడు. "సాక్షి సంతకం పెట్టు."

పెట్టావు. రెండో సాక్షి కావాలి. నాన్న అమ్మకేసి చూశాడు. అమ్మ లాంతరు కింద పెట్టి, చెయ్యి కొంగుకు తుడుచుకుంది.

"నానెందుకు? నాకేటి తెలుసు?"

"నీకే తెలుసు," అన్నాడు నాన్న, పెన్ను అందిస్తూ.

వయోజన విద్య రోజుల్లో నేర్చిన అక్షరాలు. అమ్మ ఒక్కొక్కటీ కూడబలుక్కుని తన పేరు రాస్తోంది. బయట ఆటో హారన్ కొట్టింది. ఆవిడ తలెత్తలేదు. పూర్తయ్యేదాకా ఎవరూ తొందరపెట్టలేదు.